రెండో పదిహేడో తేదీ

నాలుగు గంటలకు టీకాలక్క ఉద్యోగం పోతుంది. నాలుగుంపావుకు పోలీసు జీపు వస్తుంది. రెండిటికీ కావలసిన కాగితాలు టైపై, సంతకం కోసం విచారణ అధికారి బల్లమీద ఎదురుచూస్తున్నాయి. నేను ఆ గదిలో అడుగుపెట్టేసరికి గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది.

కేసు చాలా చిన్నది. పశువుల టీకాల గోదాములో పదిహేడో తేదీ శుక్రవారం సాయంత్రం ఎవరో చల్లగది మిషను ఆపేశారు. శని, ఆదివారాలు సెలవు. సోమవారం పొద్దున్న తలుపు తీస్తే లోపల ఉక్కపోత. నలభై వేల డోసులు నీళ్లపాలు. చల్లగది ముందు వరండాలో ఒకే ఒక్క కెమెరా ఉంది. దాని వీడియోలో పదిహేడో తేదీ ఆరూ నలభై రెండుకి టీకాలక్క నడిచొస్తుంది. స్విచ్‌బోర్డు పెట్టె తెరిచి చెయ్యి లోపల పెడుతుంది. చల్లగదిలోకి వెళ్తుంది. ఆరూ నలభై ఆరుకి నీలం ట్రే ఒకటి పట్టుకుని బయటికొస్తుంది. మొహం స్పష్టం, చెయ్యి స్పష్టం, మూలన తేదీ స్పష్టం.

పదమూడేళ్లుగా ఆ టీకాలకు కాపలా ఆమే. డైరెక్టర్ మొదలు ఊడ్చే మనిషి దాకా అందరికీ టీకాలక్కే. నన్ను డిటెక్టివ్‌గా పెట్టుకున్న రోజు ఆమె అడిగింది ఒకటే.

"ఉద్యోగం పోతే పోనీ అమ్మాయ్. ఆ రోజు ఐదున్నరకే బస్సెక్కానని నేను చెప్పింది అబద్ధం కాదని ఒక్కళ్లతో ఒప్పించు చాలు."

ఇప్పటిదాకా ఒక్కళ్లను కూడా ఒప్పించలేకపోయాను.

విచారణ అధికారి ఇంకో రెండు నెలల్లో రిటైరవబోతున్న మనిషి. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, కొత్తగా ఏమైనా తెచ్చావా లేక నిన్నటి పాటేనా అని అడిగింది. వీడియో అసలు ఫైలు ఒకసారి చూడాలన్నాను. ఆమె పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గట్టిగా నిట్టూర్చాడు.

అతను వీడియో నిపుణుడు. ఏ ప్రశ్న వేసినా "నేను సర్టిఫికెట్ ఇచ్చేశాను కదా" అంటాడు కాబట్టి మా వృత్తిలో అతని పేరు సర్టిఫికెట్‌గా స్థిరపడిపోయింది. అతనూ నేనూ ఇంతకుముందు మూడు కేసుల్లో ఎదురుపడ్డాం. రెండిట్లో అతనే గెలిచాడు. ఆ సంగతి తను మర్చిపోడు, నన్ను మర్చిపోనివ్వడు.

"వీడియోలో ఎక్కడైనా అతుకు దొరికిందా డిటెక్టివ్ గారూ?"

"లేదు."

"కత్తిరింపు?"

"లేదు."

"మరి ఇంకా దేనికోసం వెతుకుతున్నారు?"

"అతుకు లేని అబద్ధం కోసం."

అతను నవ్వి అధికారి వైపు తిరిగాడు. తనకు ఈ గోదాముతో ఏ సంబంధమూ లేదనీ, ఇరవై రెండో తేదీన విచారణ సంఘం పిలిస్తే మొదటిసారి ఈ గేటు చూశాననీ, ఆ రోజే రికార్డర్ నుంచి ఫైలు తీసుకుని ముద్ర వేశాననీ చెప్పాడు. ఆ మాటే అతను రాసిచ్చిన సర్టిఫికెట్ మొదటి పేరాలో కూడా ఉంది. నేను దాని కింద పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. ఎందుకో అప్పటికి నాకే తెలీదు. అడక్కుండా చెప్పిన మాటల కింద గీత గీయడం నాకు అలవాటు.

ఆ ఆఫీసు కంప్యూటర్‌లో కొత్తగా ఏదీ ఎక్కించడానికి వీల్లేదు. పెన్‌డ్రైవ్ పెట్టే చోట టేపు అంటించి సీలు వేశారు. నాకు దక్కింది ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడడం వరకే. బొమ్మ పొడుగు, వెడల్పు, నిడివి కనిపించాయి. సైజు ఆఖరి అంకె దాకా నా దగ్గరున్న కాపీతో సరిపోయింది. అసలు నేను చూడదల్చుకున్న కోడెక్ మాత్రం అక్కడ లేదు.

వీడియో ఫైలు ఒక సంచి లాంటిది. లోపల బొమ్మల్ని ఏ పద్ధతిలో మడిచి కుదించారో ఆ పద్ధతి పేరు కోడెక్. సంచి చూసి మడత చెప్పలేం. రెండు ఫైళ్ల పేర్ల చివరా ఎంపీ4 అనే ఉన్నా లోపలి మడతలు వేరు కావచ్చు. నిన్న ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో ఈ ఫైలు ఆడించి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ టూల్స్ మెనూలో కోడెక్ సమాచారం నొక్కాను. హెచ్ 264 అంది. మీడియాఇన్ఫో అనే ఇంకో సాధనానికి చూపించాను. అదీ హెచ్ 264 అనే అంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేలు పెట్టిన ఆనవాలు ఎక్కడా లేదు. ప్రపంచంలో ఎన్నో కెమెరాలు రాసే మడత అది. నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకుని పక్కన పెట్టేశాను.

నా తప్పు అక్కడే జరిగింది. నా ల్యాప్‌టాప్ మంచిది. ఏ మడతనైనా విప్పి చూపిస్తుంది. అన్నీ తెలిసినవాడు మనకేదీ విడమరిచి చెప్పనట్టు, అది కూడా ఏ తేడా పడనివ్వలేదు.

రెండున్నరకు టీకాలక్కను వరండాలో నిలబెట్టి మళ్లీ మొదటినుంచి అడిగాను. స్విచ్‌బోర్డు పెట్టె ఎందుకు తెరిచావంటే, చల్లగది దీపం స్విచ్ కూడా అందులోనే ఉంది కాబట్టి రోజుకు పదిసార్లు తెరుస్తానంది. నీలం ట్రే ఎప్పుడు పట్టుకున్నావంటే కాసేపు ఆలోచించింది. సాధారణంగా ట్రేలు బయటికి తేదట. పాడైన తర్వాత ఒక సాయంత్రం డైరెక్టర్ ఫోన్ చేసి, నమూనాకి ఒక ట్రే పట్టుకురమ్మంటే తెచ్చిందట. ఏ రోజో కచ్చితంగా గుర్తులేదట. ఆ వారమంతా ఏడుస్తూనే ఉందట.

"పాడైన తర్వాత. అది మాత్రం ఖాయమేనా?"

"ట్రేలో సీసాలు గోరువెచ్చగా తగిలాయి. అది మర్చిపోతానా?"

ఇంకో సంగతి కూడా చెప్పింది. పదిహేనో తేదీన ఆ సరుకు లారీలోంచి దిగినప్పుడే పెట్టెల మీద వేడిని పట్టించే స్టిక్కర్లు రంగు మారి ఉన్నాయి. అంటే దారిలోనే పాడైపోయింది. తను దించుకోనంది. డైరెక్టర్ రాద్ధాంతం చెయ్యొద్దని కసిరి, తనే సంతకం పెట్టి దించుకున్నాడు. పాడైన సరుకుకి సంతకం పెట్టినవాడికి ఆ సరుకు ఇక్కడే పాడవడం ఎంత అవసరమో నాకు విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అవసరం సాక్ష్యం కాదు. సాక్ష్యం ఆరూ నలభై రెండు దగ్గర ఆగి ఉంది.

రెండూ యాభైకి రికార్డర్ గది చూశాను. గేటు పక్కన వాచ్‌మన్ గదికి ఆనుకుని, బీరువా కంటే కొంచెం పెద్ద గది. తాళంచెవులు రెండు. ఒకటి డైరెక్టర్ దగ్గర, ఒకటి వాచ్‌మన్ మొలతాడుకి. రికార్డర్ కొత్తది. దాంట్లో ఏడు రోజుల వీడియోలే నిలుస్తాయి, ఎనిమిదో రోజు నుంచి పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. ఇవాళ ముప్పై. పదిహేడో తేదీ అనేదే ఇప్పుడు దాని కడుపులో లేదు.

సెట్టింగుల పేజీ తెరిచాను. కోడెక్: హెచ్ 264. ఫైలుతో సరిపోయింది. వెనక్కి తిరగబోతూ రికార్డర్ పెట్టిన ఇనప డబ్బా తలుపు మూశాను. తలుపు లోపలి వైపు ఒక చిన్న స్టిక్కర్ ఉంది. బిగించిన మెకానిక్ తన గుర్తు కోసం బాల్‌పెన్‌తో రాసుకున్నది.

ఒకటో తేదీ. నాలుగు కెమెరాలు. 265. ఏడు రోజులు.

ఆ స్టిక్కర్‌ని రెండుసార్లు చదివాను. ఒకటో తేదీన 265. ఇవాళ 264. మధ్యలో ఎవరో మడత మార్చారు.

స్టిక్కర్ కింద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. మెకానిక్ ఎక్కడో టవర్ మీద ఉన్నాడు, గాలి హోరులో సగం మాటలే వినిపించాయి. మార్చింది తనేనన్నాడు. హెచ్ 265 కొత్త పద్ధతి, చోటు తక్కువ పడుతుందని పెట్టాడట. వాచ్‌మన్ గారి కంప్యూటర్ చాలా పాతది, దానికి ఆ మడత విప్పడం చేతకాక బొమ్మ రావడం లేదట. పెద్దాయన రోజూ ఫోన్ చేసి ప్రాణం తీస్తుంటే, ఒక ఆదివారం అటువైపు వచ్చినప్పుడు ఆగి పాత పద్ధతికి తిప్పేశాడట. రెండు నిమిషాల పనికి డైరెక్టర్‌కి చెప్పడమెందుకని చెప్పలేదు. స్టిక్కర్ మార్చడం కూడా మర్చిపోయాడు.

"ఏ ఆదివారం?"

"పందొమ్మిది. సెట్టింగు ఫొటో తీసుకున్నా, ఫోన్లో ఉంది. దిగాక పంపుతా."

పదిహేడో తేదీకీ ఇవాళ్టికీ మధ్య గీత ఎక్కడ పడిందో ఇప్పుడు తెలిసింది. ఇక ఆ గీతను కళ్లకు కనబడేలా చూపించాలి. గడియారం మూడూ ఐదు.

వాచ్‌మన్ గదిలో కంప్యూటర్ నిజంగానే ముసలిది. తెర కంటే వెనక మూపురం పెద్దది. దాని యజమాని మీసాలు కూడా అదే వయసువి. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు.

"ఇందులో ఏం దాస్తారు బాబాయ్?"

రోజూ సాయంత్రం ఏడింటికి డ్యూటీ మారే ముందు రికార్డర్‌లో చివరి పావుగంట అనే బటన్ నొక్కి, గేటు కెమెరా వీడియో పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇందులో వేసుకుంటాడట. మూడేళ్ల కిందట ఒక లారీ చెప్పకుండా వెళ్లిపోతే, గేటు తీసింది నువ్వేనని అతని మెడకు చుట్టారు. అది తీసింది పక్క డ్యూటీవాడు. అప్పటినుంచీ తను గేటు అప్పజెప్పే క్షణం తన దగ్గర ఉండాల్సిందేనని పట్టుదల. ఎవరూ అడగరు. ఎవరికీ చెప్పడు.

ఫోల్డర్ తెరిచాడు. ఒకటో తేదీ నుంచి వరసగా ఫైళ్లు. ఐదో తేదీది నొక్కాను. హారన్ చప్పుడు వినిపించింది, తెర నల్లగా ఉంది. ఒక చిన్న పెట్టె ఎగిరొచ్చింది. పెద్దాయన అలవాటుగా దాన్ని మూసేయబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఇందులో ఏం రాసుందో ఎప్పుడైనా చదివారా?"

"అప్పట్లో అది రోజూ వచ్చేదమ్మా. సణుగుడు. మూసేసేవాణ్ణి."

ఆ సణుగుడు ఏమిటంటే, హెచ్‌ఈవీసీ అనే కోడెక్ తనకు తెలీదని. హెచ్ 265కి అది ఇంకో పేరు. నేను ల్యాప్‌టాప్‌లో రెండు సాధనాలు పెట్టి వెతికిన జవాబు ఈ ముసలి కంప్యూటర్ పద్దెనిమిది రోజులు వరసగా చెబుతూ వచ్చింది. పెద్దాయన పద్దెనిమిది రోజులూ నోరు మూయించాడు.

పన్నెండు, పదిహేను, పదిహేడు, పద్దెనిమిది నొక్కాను. అన్నీ నలుపే, అదే సణుగుడు. పందొమ్మిది నొక్కితే గేటు, చెట్టు, వీధి కుక్క కళకళలాడుతూ వచ్చాయి.

మూడూ ఇరవైకి విచారణ గదికి ఫోన్ చేశాను. అధికారి స్పీకర్ నొక్కింది. వాచ్‌మన్ కంప్యూటర్‌లో పదిహేడో తేదీ వీడియో కనిపించడం లేదని చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సర్టిఫికెట్ గొంతు వినిపించింది. "కనిపించకపోవడం ఏమిటి? నేను సర్టిఫై చేసిన ఫైలు ఎక్కడైనా ఆడుతుంది. వస్తున్నాను, మీ కళ్లముందే ఆడిస్తాను."

"రండి," అన్నాను. "మేడమ్‌ని కూడా తీసుకురండి."

పది నిమిషాల్లో ఇద్దరూ వచ్చారు. వెనకే టీకాలక్క వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సర్టిఫికెట్ ఆ కంప్యూటర్‌ని చూసి, దీన్ని మ్యూజియం వాళ్లకి ఇవ్వకపోయారా అని వాచ్‌మన్‌ని అడిగాడు. వాచ్‌మన్ తన కుర్చీ అతనికిచ్చి పక్కకు జరిగాడు.

సర్టిఫికెట్ పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు నొక్కాడు. వరండా కనిపించింది. టీకాలక్క నడిచొచ్చింది. పెట్టె తెరిచింది. మూలన పదిహేడు, ఆరూ నలభై రెండు. ఎక్కడా మసక లేదు.

"చూశారా మేడమ్? అద్దంలో చూసినట్టుంది." అతను చేతులు కట్టుకుని నావైపు తిరిగాడు. "ఇంకేమైనా అనుమానాలున్నాయా?"

"ఒక్కటే. ఇది ఇందులో ఎందుకు ఆడుతోంది?"

అతనికి అర్థం కాలేదు. అధికారికీ అర్థం కాలేదు. నేను వంగి వాచ్‌మన్ ఫోల్డర్‌లో పదిహేడో తేదీ ఫైలు నొక్కాను. చప్పుడు వచ్చింది, బొమ్మ రాలేదు. సణుగుడు పెట్టె లేచింది. ఈసారి దాన్ని ఎవరూ మూయలేదు.

స్టిక్కర్ ఫొటో చూపించాను. మెకానిక్ టవర్ దిగి పంపిన ఫొటో చూపించాను, పందొమ్మిదో తేదీ, పగలు పదకొండూ నలభై. అదే రికార్డర్, నాలుగు కెమెరాలకీ ఒకే సెట్టింగు. పదిహేడో తేదీ సాయంత్రం గేటు కెమెరా ఈ కంప్యూటర్‌కి అర్థంకాని మడతలో రాసింది. అదే సాయంత్రం, కాస్త అటూ ఇటుగా అదే వేళకి వరండా కెమెరా అర్థమయ్యే మడతలో ఎలా రాసింది? పందొమ్మిది పగలు దాకా ఆ మడత ఆ రికార్డర్‌లో లేనే లేదు.

"ఈ వీడియోని ఎవరూ కత్తిరించలేదు మేడమ్. అతికించలేదు. ఈయన ఆ మాట నిజమే చెప్పారు. ఇది అసలైన రికార్డింగే. ఆ రోజుది మాత్రం కాదు. పందొమ్మిది తర్వాత ఒక సాయంత్రం రికార్డర్ గడియారాన్ని పదిహేడుకి తిప్పి, ఈవిణ్ణి ట్రే తెమ్మని చల్లగదికి పంపారు."

టీకాలక్క చీర చెంగు నోటికి అడ్డంపెట్టుకుంది. ఏడవలేదు. సర్టిఫికెట్‌నే చూస్తూ ఉండిపోయింది.

అతను తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పాడుబడ్డ కంప్యూటర్, టవరెక్కిన మెకానిక్, బాల్‌పెన్ గీతలు, వీటిని ఏ కోర్టూ నమ్మదన్నాడు. గడియారం తిప్పారనడానికి రుజువేదన్నాడు. అధికారి కూడా నావైపే చూసింది. ప్రశ్న న్యాయమైనదే. రుజువు కోసం నోట్‌బుక్ పేజీలు వెనక్కి తిప్పాను.

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మిషనుకి ఒకరోజు మతి తప్పింది. చెప్పాలా వద్దా?"

"చెప్పండి బాబాయ్."

"ఇరవై ఒకటో తేదీ మంగళవారం ఏడింటికి ఎప్పట్లాగే తీశాను. పేరు పదిహేడని పడింది. అప్పటికే నా దగ్గర పదిహేడు ఉంది కదా, కలిసిపోతుందని పక్కన రెండోది అని రాసుకున్నా."

ఫోల్డర్‌లో కిందికి జరిపాడు. ఉంది. పదిహేడు, దాని పక్కన రెండోది.

నొక్కాను. సణుగుడు రాలేదు. గేటు కళకళలాడుతూ కనిపించింది. మూలన పదిహేడో తేదీ, ఆరూ యాభై నాలుగు. లోపలినుంచి ఒక బూడిదరంగు కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ రిజిస్టర్ పట్టుకుని దగ్గరికెళ్లాడు. కారు అద్దం దిగింది. డ్రైవింగ్ సీట్లోంచి ఒక మొహం బయటికి వంగి, గేటు తొందరగా తియ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ మొహం ఇప్పుడు నా పక్కనే ఉంది. ఆ చెయ్యి కంప్యూటర్ స్విచ్ వైపు కదిలింది.

"ముట్టుకోకండి," అంది అధికారి. గొంతు పెంచలేదు.

నేను పెన్సిల్ గీత గీసిన కాగితం తీసి బల్లమీద పెట్టాను.

"ఇరవై రెండో తేదీకి ముందు ఈ గేటే చూడలేదని సంతకం పెట్టారు. మీకు రెండు దారులున్నాయి సార్. ఈ వీడియో మీద తేదీ నిజమంటారా, అయితే చల్లగది ఆగిపోయిన సాయంత్రం మీరు ఇక్కడే ఉన్నారు. తప్పంటారా, అయితే గడియారం తిప్పారు. ఏదో ఒకటి మేడమ్‌కి చెప్పండి."

వాచ్‌మన్ ఎవరూ అడక్కుండానే గేటు రిజిస్టర్ తెరిచి ఇరవై ఒకటో తేదీ పేజీ అధికారి ముందు పెట్టాడు. కారు నంబరు ఉంది. వచ్చింది ఐదూ యాభై, ఎవరికోసం అన్నచోట డైరెక్టర్ అని ఉంది. పక్కన సర్టిఫికెట్ కాగితం మీద ఉన్న సంతకమే ఉంది, చివరన అదే మెలిక. వెళ్లిన టైము ఆరూ యాభై నాలుగు, వాచ్‌మన్ గుండ్రటి అంకెల్లో.

అధికారి ఆ పేజీని తెర మీది బొమ్మతో పోల్చి చూసింది. తర్వాత వెంట తెచ్చుకున్న ఫైల్లోంచి టీకాలక్క కాగితాలు రెండూ తీసి, నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. డైరెక్టర్‌ని ఇక్కడికే రమ్మనమని ఫోన్లో ఎవరికో చెప్పింది.

సర్టిఫికెట్ పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు. తనకు వేరే మీటింగ్ ఉందని గొణుగుతూ, గుమ్మంలో నిలబడ్డ టీకాలక్కను తోసుకుని బయటపడి, చకచకా కారెక్కాడు. బూడిదరంగు కారు గేటు దాకా వచ్చి ఆగింది. గేటుకి తాళం ఉంది. హారన్ మోగింది. మళ్లీ మోగింది.

వాచ్‌మన్ రిజిస్టర్ చంకలో పెట్టుకుని తాపీగా నడుచుకుంటూ వెళ్లి కారు అద్దం దగ్గర వంగాడు.

"లోపలికొచ్చిన టైము మీరు రాశారు సార్. బయటికి పోయే టైము రాయాల్సింది నేను." పెన్ను తీసి మళ్లీ జేబుకి తగిలించుకున్నాడు. "ఇంకా రాయలేదు."